రమణ గుండు కేసు

2022 వేసవి. రాయపూర్ జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూడడం మొదలుపెట్టి అప్పటికి నాకు పదిహేనేళ్ళు దాటింది. మా నాన్న వాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగింది డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లలోనే. అందుకని కాలనీలో ఎవరి గుమ్మంలోకి పోలీసు వచ్చినా ముందు నా పేరే గుర్తొస్తుంది. ఫీజు దగ్గరకొచ్చేసరికి మాత్రం నేను అందరికీ ఇంటి ఆడపడుచునే. ఆ సంగతి అలా ఉంచుదాం.

ఇన్నేళ్ళలో కత్తిపోట్ల కేసులు చూశాను. రాత్రి చెప్పిన మాట తెల్లారేసరికి మింగేసిన సాక్షులను చూశాను. కోర్టు మెట్ల మీద నన్నే బెదిరించినవాళ్ళూ ఉన్నారు. భయపడలేదని గొప్పలు చెప్పుకోను. కానీ అదంతా మనిషిని చూసి పుట్టిన భయం. మనిషితో మాట్లాడవచ్చు, తిట్టవచ్చు, బతిమాలుకోవచ్చు. రమణ కేసులో నన్ను పట్టుకున్న భయం వేరే రకం. అది ఇప్పటికీ వదల్లేదు.

ఓ మధ్యాహ్నం నేను కోర్టు వరండాలో టీ తాగుతుంటే పైడమ్మ పిన్ని పరుగులాంటి నడకతో వచ్చింది. ఆవిడది విజయనగరం వైపు ఊరు. భర్త పోయాక కూతురు లక్ష్మి క్వార్టర్లోనే ఉంటోంది. అల్లుడిది రైల్వే ఉద్యోగం. అక్కడే ఉండే కొడుకు రమణ ఉర్లా వైపు ఒక రోలింగ్ మిల్లులో ఠేకేదార్ కింద, అంటే కాంట్రాక్టరు కింద కూలి. రోలింగ్ మిల్లంటే ఎర్రగా కాలిన ఇనుమును సాగదీసి కడ్డీలు చేసే చోటు.

"పద్మమ్మా, మావోడిని పట్టుకెల్లిపోనారే! ఆడేటి సేసాడని! కొండకెల్లి గుండు సేయించుకొచ్చాడు, అదేనా తప్పు?" అంది.

గుండుకూ అరెస్టుకూ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతోంది పాపం అనుకున్నాను. ఠాణాకు వెళ్ళాక తెలిసింది, ఆ ముడి పెట్టింది ఆవిడ కాదని.

ఆ ఠాణా పేరు రాయను. జరిగింది ఇది. ఊళ్ళోనే గుఢియారీ పేటలో ఒక బియ్యం హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు చూసే మునీమ్, సాయంత్రం గోదాము తాళం వేస్తుండగా ఎవడో వెనకనుంచి ఇనుప రాడ్డుతో తల మీద కొట్టి చేతిసంచీ లాక్కుపోయాడు. పెద్దాయన ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. చూసినవాళ్ళు లేరు. గల్లీ మొదట్లో ఉన్న దుకాణం కెమెరాలో మాత్రం పరిగెత్తుతున్న ఒక మనిషి పడ్డాడు. నున్నటి గుండు. వీధి దీపం కింద ఒక్క క్షణం మొహం ఇటు తిప్పాడు. ఆ క్షణమే మొత్తం కేసు.

పోలీసుల దగ్గర ఎఫ్.ఆర్.ఎస్. అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ముఖాలను పోల్చే యంత్రం అనుకోండి. కెమెరాలో దొరికిన మొహాన్ని అందులో వేస్తే, దాచిపెట్టిన వేలాది పాత ఫోటోలతో పోల్చి, ఇదిగో ఇతనే కావచ్చు అని ఒక పేరు బయటకు తీస్తుంది. ఈసారి తీసిన పేరు రమణది. అంతకు మూడేళ్ళ ముందు మిల్లు గేటు దగ్గర కూలీలు ధర్నా చేస్తే పోలీసులు అందరినీ వ్యాన్ ఎక్కించి, ఫోటోలు తీసి, సాయంత్రానికి వదిలేశారు. రమణ తండ్రి అప్పుడే పోయాడు. కర్మకాండకు గుండు చేయించుకుని ఉన్నాడు. ఆ గుండు ఫోటో యంత్రం కడుపులో ఉండిపోయింది. ఇప్పుడు పోలీసులు వెతుక్కుంటూ కాలనీకి వెళ్తే, రమణ మళ్ళీ గుండుతోనే ఎదురయ్యాడు!

యంత్రం జుట్టును చూడదనీ, కళ్ళకూ ముక్కుకూ మధ్య దూరాలు కొలుస్తుందనీ తర్వాత ఒక నిపుణుడు నాకు ఓపికగా చెప్పాడు. కావచ్చు. నా కళ్ళకు కనిపించింది రెండు గుండ్లు.

ఎస్సై మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. నేను రెండు ఫోటోలనూ పట్టి పట్టి చూసి, "ఇతనే అని ఎలా అంటారు?" అని అడిగాను.

"మేడమ్, మెషీన్ కో ఇస్‌సే క్యా దుష్మనీ హై?" అన్నాడు నవ్వుతూ.

యంత్రానికి వీడితో శత్రుత్వం ఏముంటుంది? డిఫెన్స్ లాయరు ఏ సాక్షిని నిలదీసినా తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది: నిందితుడితో నీకు పాత కక్షలేమైనా ఉన్నాయా? పదిహేనేళ్ళుగా దాన్ని నమ్ముకుని బతుకుతున్నాను. దాన్ని యంత్రం ముందు పెడితే ఏమవుతుంది?

ఈలోగా ఒక కానిస్టేబుల్ పైడమ్మ పిన్నిని అడిగాడు, "ఘర్ మే కోయీ గుజర్ గయా క్యా?" అని. ఇక్కడి జనంలో పెద్దవాడి తల గుండయిందంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఎవరూ పోలేదని పిన్ని తల అడ్డంగా ఊపింది. "తో ఫిర్ ముండన్ కాయ్ కా?" అన్నాడతను. చావు లేకుండా గుండెందుకు?

"తిరుపతి గయా థా సాబ్! బాల్ దియా భగవాన్ కో! కాలనీ కా సబ్ లోగ్ సాథ్ మే గయా!" అని పిన్ని గట్టిగా చెప్పింది. దాడి జరిగిన రోజు కూడా కొడుకు తిరుపతిలోనే ఉన్నాడని, కావాలంటే కాలనీలో ఎవరినైనా అడగమని దేవుడి మీద ఒట్టేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. దీన్ని మేము ఎలిబీ అంటాం. నేరం జరిగినప్పుడు నిందితుడు వేరే చోట ఉన్నాడని చూపించడం. లాయరుకు ఇంతకంటే పండగ ఉండదు.

ఎస్సై అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, ఒక కాగితం నా వైపు తిప్పాడు. అది సి.డి.ఆర్. ఫోను ఎప్పుడు ఎవరితో మాట్లాడిందో, ఏ టవర్ కింద ఉందో చెప్పే రికార్డు. రమణ తిరుపతిలో ఉన్నాడన్న రోజులన్నింటిలోనూ అతని ఫోను ఉర్లాలోనో గుఢియారీలోనో ఉంది. దాడి జరిగిన సాయంత్రం సరిగ్గా గుఢియారీ టవర్ కింద ఉంది.

పిన్నికి ఆ కాగితం అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పోలికా, గుండూ, టవరూ చాలవన్నట్టు ఇప్పుడు కన్నతల్లి నోట రాయించుకున్న అబద్ధం ఒకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

లాకప్‌లో రమణను కలిశాను. ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. మొహం పీక్కుపోయింది.

"నిజం చెప్పు. తిరుపతి వెళ్ళావా?"

తల దించుకున్నాడు. "లేదక్కా."

"మరి అందరూ వెళ్ళావంటున్నారేం?"

"టేసన్ దాకా ఎల్లాను. బండెక్కబోతంటే ఠేకేదార్ ఫోన్ సేసాడు. మనుసుల్లేరు, రేపు డ్యూటీకి రాకపోతే ఇంకెప్పుడూ రావద్దన్నాడు. ఛుట్టీ ఇచ్చినోడే అలాగన్నాడు. ఏటి సెయ్యను?"

"ఇంటికి వెళ్ళిపోవలసింది."

"ఎలాగెల్తానక్కా? కరోనాలో నాకు ఆక్సిజన్ ఎట్టినప్పుడు అమ్మ మొక్కుకుంది, నా తలనీలాలిప్పిస్తానని. అది తీరకపోతే నా పేనానికి ముప్పని ఆవిడ బయం. రాత్రుల్లో లేసి నా ముక్కు కాడ సెయ్యెట్టి సూస్తాది."

దాంతో అతను గుఢియారీలో తోటి కూలీ గదిలో వారం రోజులు తలదాచుకుని డ్యూటీకి వెళ్ళాడు. కాలనీ జట్టు తిరిగొచ్చే రోజు పొద్దున్నే అక్కడి సెలూన్లో గుండు చేయించుకున్నాడు. స్టేషన్‌కు పోయి వాళ్ళతో కలిసి లడ్డూ ప్రసాదం పట్టుకుని ఇంటికి వచ్చాడు. జట్టులో అందరికీ తెలుసు. పెద్దావిడ మనసు కష్టపెట్టకూడదని అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. మావాళ్ళలో ఇదేం కొత్త కాదు. వెళ్ళలేకపోయినవాడి వాటా ప్రసాదం తెచ్చిచ్చి, కొండ మీద చలి ఎలా ఉందో కూడా వాడికి నేర్పించి ఇంటికి పంపుతారు. తీరా పోలీసులు వచ్చి అడిగేసరికి, పక్కనే పిన్ని నిలబడి ఉండడం చూసి, అలవాటు కొద్దీ పోలీసులకూ అదే చెప్పారు.

"అక్కా, అమ్మకి మాత్రం సెప్పకు," అన్నాడు రమణ. జైలు కంటే అతనికి ఆ భయమే ఎక్కువగా ఉంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిరుపతి అంటే అబద్ధం. నిజం చెబుదామంటే, నేరం జరిగిన చోటుకు కూతవేటు దూరంలో నా క్లయింటు ఉన్నాడని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. ఆస్పత్రి నుంచి ఏ కబురు వస్తుందోనని మరో దడ. మునీమ్ పోతే అది హత్య కేసు. ఆయన లేచినా మాకు ఒరిగేది లేదు. టి.ఐ. పరేడ్ అని, నలుగురిలో నిలబెట్టి నిందితుణ్ణి గుర్తుపట్టమంటారు. వెనకనుంచి దెబ్బ తిన్నవాడు ఎవరిని గుర్తుపడతాడు?

ఒక్క ఆశ ఉంది. రమణ గుండు చేయించుకుంది దాడి జరిగిన రెండు రోజుల తర్వాత. అది రుజువు చేస్తే కెమెరాలో గుండువాడు అతను కాడు. సెలూన్‌కు వెళ్ళాను. మంగలి నా నల్లకోటు చూడగానే, రోజూ ఎన్ని తలలో, ఏం గుర్తుంటాయమ్మా అని మొహం తిప్పుకున్నాడు. గదిలో ఉన్న తోటి కూలీ భయపడి ఊరికి వెళ్ళిపోయాడు. పోనీ తిరుపతి జట్టు తీసుకున్న ఫోటోలు చూద్దాం, వాటిలో రమణ లేడు కదా, మా మాట కొంతైనా నిలుస్తుంది అనుకున్నాను. పోలీసులు ఫోన్లు చూస్తారట అని పుకారు పుట్టి కాలనీ అంతా ఫోన్లు తుడిచేసుకుంది. దేవుడి గోపురం ఫోటోలు కూడా మిగల్లేదు. లక్ష్మి మొగుడైతే ఫోను కొత్తదానిలా చేసేసుకుని, "అంతా సాఫ్ చేసేశాను వదినా, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు నాతో.

రమణను జైలుకు పంపారు. అక్కడ ములాఖత్‌లో కూర్చుని మిల్లులో అతని దినచర్యంతా మొదటినుంచీ అడగడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి దొరక్కపోదా అని. గేటు దగ్గర హాజరు ఎలా వేస్తారంటే, మొహం చూపిస్తే చాలు, మిషను ఫోటో తీసుకుని హాజరు వేస్తుందన్నాడు.

"గుండుతో వెళ్ళినా వేసిందా?"

"లేదక్కా! గుండుతో నిలబడితే నన్ను ఎరగనంది. రెండు మూడుసార్లు సూపించాను. లోపలికెల్లనివ్వనేదు. సూపర్‌వైజర్ తిట్టుకుంటా కొత్తగా ఫోటో తీసి మల్లీ ఎక్కించాడు."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వార్డరు ఏమైందోనని చూశాడు.

రెండేళ్ళుగా ప్రతిరోజూ అతని మొహం చూస్తున్న యంత్రం గుండుతో వస్తే ఎరగనంది. వీధి దీపం కింద ఒక్క క్షణం చూసిన యంత్రం మాత్రం ఠక్కున పేరు పెట్టి పిలిచింది. అన్నిటికంటే ముఖ్యం, దాడి జరిగిన మర్నాటి హాజరు ఫోటోలో అతని తల నిండా జుట్టు ఉండాలి.

ఉండాలి. కానీ ఉందా? ఠేకేదార్ ఆ పేరుగలవాడే మా దగ్గర లేడని బుకాయించాడు. మిషను పెట్టినవాళ్ళది వేరే ఊరు. పాత ఫోటోలు ఎప్పటికప్పుడు వాటంతట అవే చెరిగిపోతాయని చెప్పారు. ఎప్పుడు చెరుగుతాయంటే ఎవరికీ తెలియదు. రికార్డు తెప్పించమని మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టి, ఉత్తర్వు వచ్చేదాకా నేను పడిన యాతన పగవాళ్ళకు కూడా వద్దు. నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలంటారు. ఆ యంత్రానికి నిలకడ ఎక్కడిది? జాగా నిండితే నిజాన్నైనా తుడిచేస్తుంది. అన్నం ముందు కూర్చుంటే, ఈపాటికి చెరిగిపోయి ఉంటుందేమో అనిపించి ముద్ద దిగేది కాదు.

చెరగలేదు. ఉత్తర్వు చేతికి రాగానే ఎస్సై తానే వెళ్ళి, ఠేకేదార్‌ను పక్కకు నెట్టి, దాన్ని తీయించాడు. యంత్రంలోంచి తీసిన కాగితం కోర్టులో చెల్లాలంటే, ఎవరు ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం కావాలి. అదీ జతచేశాడు. ఫోటోలో రమణ చిరాగ్గా చూస్తున్నాడు. నుదుటి మీద ఒత్తుగా జుట్టు.

బెయిల్ విచారణ రోజున పిన్నిని ఇంట్లోనే ఉంచమని లక్ష్మికి గట్టిగా చెప్పాను. ఆవిడ ఆగలేదు. కొడుకును చూడాలని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజుల్లో ఖైదీలను కోర్టుకు తేవడం తగ్గిపోయింది. జైల్లో కెమెరా ముందు కూర్చోబెడితే కోర్టులో తెర మీద కనిపిస్తారు. రమణ గోడ మీది తెరలో కనిపించాడు. మా గొంతులు అక్కడికి పోకుండా మైకు ఆపేసి ఉంది.

నేను చెప్పక తప్పలేదు. హిందీలో, వీలైనంత మెల్లగా చెప్పాను. నా క్లయింటు తిరుపతికి వెళ్ళలేదు, తల్లి దగ్గర దాచాడు, గుండు గుఢియారీ సెలూన్లో చేయించుకున్నాడు.

వెనకనుంచి బెంచీ చప్పుడైంది. పిన్ని లేచి నిలబడింది. తెర వైపు చెయ్యి చాచి, "కొండకెల్లనేదేట్రా? దేవుడి కాడే అబద్దమాడేవేట్రా?" అంది. కోర్టు గుమాస్తా పేష్కార్ ఆవిడను కూర్చోమని కసిరాడు.

తెర మీద రమణకు ఏమీ వినిపించలేదు. తల్లి లేచి తన వైపు చెయ్యి చాచడం మాత్రం కనిపించింది. నవ్వాడు. నేను ధైర్యంగా ఉన్నానన్నట్టు తల ఊపాడు. ఆ నవ్వు చూడలేక నేను కాగితాల్లోకి తల దించుకున్నాను.

బెయిల్ వచ్చింది. మునీమ్ నెమ్మదిగా కోలుకున్నాడు. కొన్ని నెలలకు ఇంకో కేసులో ఎవడో దొరికితే, వాడి గదిలో ఈ సంచీ బయటపడింది. పోలీసులు రమణ మీద ఆధారాలు లేవని రాసి అతని పేరు తీసేశారు. అసలువాణ్ణి కోర్టులో చూశాను. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే దూరపు చుట్టాలని కూడా ఎవరూ అనరు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. రమణ ఫోటోను ఆ సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేయమని అర్జీ పట్టుకుని వెళ్తే, అదే ఎస్సై తల గోక్కున్నాడు. "మేడమ్, డిలీట్ కా బటన్ హమారే పాస్ నహీ హై." అది తన చేతిలో లేదట. ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడానికి నేను ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. పైగా అరెస్టు చేసినప్పుడు ముందునుంచీ పక్కలనుంచీ కొత్త ఫోటోలు తీశారు, అన్నీ గుండుతోనే. దసరా జనంలో జేబులు కొట్టేశారని ఒకసారి, ఎక్కడో తాళం పగిలిందని ఇంకోసారి రమణను పిలిపించారు. రెండుసార్లూ కూర్చోబెట్టి, అడిగి, పంపేశారు. అతనిప్పుడు కోర్టు ఉత్తర్వు నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని జేబులో వేసుకోకుండా వీధి చివరి పాన్ ఠేలా బండి దాకా కూడా వెళ్ళడు.

ఈ కేసు తర్వాత నా పని తీరు మారిపోయింది. ఇదివరకు క్లయింటును ఏం జరిగిందని అడిగేదాన్ని. ఇప్పుడు ముందు, ఆ రోజు నీ ఫోను ఎక్కడుంది, ఏ కెమెరా ముందు నుంచి నడిచావు అని అడుగుతున్నాను. ఇంట్లోవాళ్ళు ప్రేమతో ఆడిన అబద్ధాలేమైనా ఉంటే పోలీసు కంటే ముందు నాకు చెప్పమంటున్నాను. యంత్రాలు దొంగలను పట్టడం నేనూ చూశాను, కాదనను. కానీ రమణను విడిపించింది న్యాయం కాదు, నా తెలివీ కాదు. ఒక ఫోటో చెరిగిపోయేలోపు చేతికి అందింది, అంతే. అందనివాళ్ళు ఎందరు లోపల ఉన్నారో తలుచుకుంటే నాకు వణుకు పుడుతుంది.

పోయిన ఏడాది తల్లీకొడుకులు నిజంగానే తిరుపతి వెళ్ళొచ్చారు. కాలనీ మార్కెట్లో పైడమ్మ పిన్ని ఎదురై ప్రసాదం చేతిలో పెట్టింది. ఎండగా ఉన్నా తల నిండా కొంగు కప్పుకుంది. పక్కన రమణ నిలబడ్డాడు, నూనె రాసి దువ్విన జుట్టుతో. నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను.

"కల్యాణకట్ట కాడ కూకున్నాడమ్మా," అంది పిన్ని. "మంగలి తల మీద నీల్లు సల్లాడు. అంతే, లేసొచ్చేసినాడు. ఒకటే వొనుకు. గుండుతో ఎల్తే మల్లీ పట్టుకెల్లిపోతారమ్మా అన్నాడు. ఏటి సెయ్యను? ఆడి మొక్కు నానిచ్చీసాను."

కొంగు కొద్దిగా జారింది. సరిచేసుకుంది.

"నా మొకం ఏ మిసన్లోనూ నేదు కదా. నాకేటి బయం?"

ఆధార్ కార్డు కోసం ఫోటో ఎక్కడ దిగావు పిన్నీ అని అడగబోయి, ఆగిపోయాను.